పాత సినిమాల వీసీడీలు, డీవీడీలు ఇంకా కొనడం అవసరమా, పిచ్చా?

పాతరీలు:
మొన్న ఆదివారం ఎర్రగడ్డ సంతలో ఒకాయన గోనెపట్టా మీద వీసీడీలు కుప్ప పోసుకుని కూర్చున్నాడు, ఏది తీసినా ఇరవై. గంటసేపు గొంతుక్కూర్చుని ఏరి పదకొండు తెచ్చా. అందులో ఒక కాంతారావు జానపదం, మూడు డిస్కుల సెట్టు, ఇంటికొచ్చి తీస్తే రెండోది లేదు, దాని గూట్లో ఎవరిదో పెళ్లి సీడీ ఉంది. మా ఆవిడ ఒకటే అడిగింది, ప్లేయర్ పాడై నాలుగేళ్లయింది కదా వీటిని ఎందులో పెట్టి చూస్తావ్ అని. సరే మీరే చెప్పండి, ఇప్పుడు షాపుల్లో దొరకని ఈ డిస్కులు పోగేస్తే ఏమైనా ఉపయోగమా, లేక ఇదో జబ్బా?

ఫైబర్_బాబు:
జబ్బే. వీసీడీ అంటే బొమ్మ 352×288 పిక్సెల్సే, వాట్సాప్ స్టేటస్ కూడా అంతకన్నా నీట్‌గా ఉంటుంది. సగం సినిమాలు యూట్యూబ్‌లో ఫ్రీగా పడున్నాయి. ఇంట్లో చోటు దండగ, దానికి తోడు దుమ్ము.

బెజవాడ_మ్యాట్నీ:
ఫ్రీగా ఉన్నాయి బాబూ, ఎలా ఉన్నాయో చూశావా? మూలన లోగో, ఒక పాట కట్టు, ఇంకోచోట సౌండ్ మ్యూటు, ఈమధ్య ఏఐతో 4కే చేశాం అని మొహాలన్నీ మైనం బొమ్మల్లా చేసి పెడుతున్నారు. మాయాబజార్ సంగతే తీసుకో. 1957లో తీసింది బ్లాక్ అండ్ వైట్, దాదాపు చదరం ఫ్రేము. 2010లో కలర్ వేసి స్కోప్‌కి మార్చి వదిలారు, కలర్ బాగుందా లేదా అన్నది పక్కన పెట్టు, అలాంటి ఫ్రేముని అంత వెడల్పు చేస్తే పైనా కిందా ఏదో పోవాల్సిందే కదా. అందుకే నా పాత బ్లాక్ అండ్ వైట్ డీవీడీ ఎవరికీ అరువివ్వను, మా బావమరిదికి కూడా. యూట్యూబ్‌లోది రేపు పొద్దున తీసేస్తే నువ్వేం చేస్తావ్?

వరంగల్_వీడియో:
నేను పదేండ్లు సీడీల దుకాణం నడిపిన, నన్ను ఒక మాట చెప్పనియ్యున్రి. డిస్కుల ఉన్నది ఒరిజినల్ అనుకునుడు పెద్ద భ్రమ భయ్. ఒక్క సీడీల గంటా పావు, మహా అయితే గంటా ఇరవై నిమిషాలు పడ్తది. మూడు గంటల సినిమాకు మూడు సీడీలు కావాలె, ఖర్చు ఎక్కువని రెండిట్ల ఇరికిచ్చేటోళ్లు. ఏం పోయిందనుకుంటున్నరు? పాటలే. ఇగ స్కోప్ సినిమాను టీవీ సైజుకు కోస్తే ఇద్దరు మాట్లాడే సీన్ల ఒకరి ముక్కు, ఇంకొకరి చెవి కనబడ్తుండె. కింద చీరల దుకాణం యాడ్ ఉరుకుతనే ఉంటుండె. నేను రోజుకు పది రూపాయలకు కిరాయికిచ్చేది, 2007 తర్వాత మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28కి, డీవీడీ 34కి అమ్ముడు సురువు చేసినంక కిరాయికి ఎవడొస్తడు, షటర్ గుంజిన. అప్పుడు 34 ఉన్నదాన్ని ఇప్పుడు ఆన్‌లైన్‌ల "రేర్" అని రాసి పదిహేను వందలు అడుగుతున్నరు, అది మాత్రం దోపిడే.

డల్లాస్_మామయ్య:
అన్న చెప్పింది నిజమే కానీ మా బాధ వేరు. మా పిల్లలకి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు, పాత సినిమాల గ్రాంథికం అయితే అసలు ఎక్కదు. మేం 2000ల్లో ఇక్కడి ఇండియన్ స్టోర్లలో కొన్న డీవీడీల్లో ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయి, అవే సినిమాలు యూట్యూబ్‌లో చూస్తే చాలావాటికి లేవు, ఆటోమేటిక్‌గా వచ్చేవి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. సబ్‌టైటిల్ కోసమైనా కొంటా నేను.

ఫైబర్_బాబు:
కొనండి సార్, కానీ సినిమాని కాపాడుతున్నాం అనొద్దు. మన మొదటి టాకీ, 1932 భక్త ప్రహ్లాద, దాని ప్రింటే మిగల్లేదు. కాపాడాల్సింది నెగెటివ్‌ని, అది మీ అటక మీద జరిగే పని కాదు.

పాతరీలు:
ఒప్పుకుంటా, నెగెటివ్ కాపాడేంత సీన్ నాకు లేదు. కానీ నెగెటివ్ ఎక్కడుందో తెలీని సినిమాలు ఎన్ని, వాటికి ఈ బొంత వీసీడీ కూడా లేకపోతే ఇంకేముంది? అందుకే తెచ్చినరోజే కాపీ చేస్తున్నా. ముందు డిస్కుని ట్యూబులైటుకి ఎదురు పట్టి చూస్తా, సన్నటి సూది బెజ్జాల్లాగా వెలుతురు కనపడితే పైపూత ఊడినట్టే. అందరూ కింది వైపు గీతలు చూస్తారు గానీ సీడీలో డేటా ఉండేది లేబుల్‌కి ఆనుకునే, అక్కడ గీత పడితే పాలిష్ పట్టినా రాదు. డీవీడీ నయం, దాని పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్యలో ఉంటుంది. తర్వాత కంప్యూటర్లో పెట్టి, ఎంపెగ్‌ఏవీ (MPEGAV) అనే ఫోల్డర్లో సినిమా ఉండే .DAT ఫైల్‌ని హార్డ్ డిస్కులోకి లాగడమే, నిన్న ఒకటి 38వ నిమిషం దగ్గర గుర్ర్ గుర్ర్ మని ఆగిపోతే తడిబట్టతో మధ్యలోంచి అంచుకి తుడిచి మళ్లీ పెట్టా, మూడోసారికి కదిలింది.

బెజవాడ_మ్యాట్నీ:
అప్‌లోడ్ చేస్తావా మరి?

పాతరీలు:
60 ఏళ్లు దాటినవి చేస్తా, మన చట్టంలో సినిమా కాపీరైట్ రిలీజైన మరుసటి ఏడాది నుంచి అంతవరకే. మిగతావి నా దగ్గరే.

వరంగల్_వీడియో:
తమ్మీ, ఆ జానపదం కవర్ ఫొటో పెట్టు. దుకాణం సరుకు ఒక డబ్బా ఇంకా ఇంట్లనే ఉన్నది, అండ్ల రెండో సీడీ ఒంటరిగ ఒకటి యాదికున్నది. కని లేబుల్ ఏ కంపెనీదో చూడు ముందుగాల, కంపెనీ వేరైతే సినిమాను ఇరిసిన జాగ వేరే ఉంటది, మధ్యల పది నిమిషాలు గాయబ్.