టోక్యోలో ఒక్క శనివారం: నాన్నగారి కోసం యాషికా మ్యాట్ ఎక్కడ వెతకాలి?

గోదారిగట్టు:
ఆఫీసు పని మీద వచ్చే నెల టోక్యో వెళ్తున్నాను. నాకంటూ మిగిలేది శనివారం ఒక్కటే. మా నాన్నగారు తణుకులో స్టూడియో నడిపేవారు. పాస్‌పోర్టు ఫోటోల నుంచి పెళ్లి గ్రూపు ఫోటోల దాకా అన్నీ యాషికా మ్యాట్ 124జీతోనే. స్టూడియో మూసేసినప్పుడు కెమెరా కూడా అమ్మేశారు, తోలు కేసు మాత్రం ఇంట్లో ఉండిపోయింది. అలాంటి కెమెరా తెచ్చి ఆయనకివ్వాలని నా కోరిక. షోకేసులో పెట్టడానికి కాదు, ఆయన మళ్లీ ఫోటోలు తీయాలి. ఎక్కడికెళ్లాలి? కొనేముందు ఏం చూసుకోవాలి? నాకు జపనీస్ రాదు.

కవాసాకి తెలుగు:
నేనిక్కడే ఉంటాను, సెలవు దొరికితే ఈ కొట్ల చుట్టూనే తిరుగుతుంటాను. అందరూ షింజుకు అంటారు. మీరు ముందు నకానో వెళ్లండి. షింజుకులో చువో లైను రాపిడ్ రైలెక్కితే తర్వాతి స్టేషనే. ఉత్తరం వైపు బయటికొస్తే సన్ మాల్ అనే కప్పున్న బజారు, దాని చివర 1966 నాటి నకానో బ్రాడ్‌వే అనే దుకాణాల సముదాయం. ఫుజియా కెమెరా అనే పాత కెమెరాల కొట్టు ఆ పక్క సందుల్లోనే ఉంటుంది. జంక్ అని రాసిన సామాను చవగ్గా కనిపిస్తుంది కానీ దాని జోలికి వెళ్లకండి. అది విడిభాగాల కోసం కొనేవాళ్లకి. మీకు కావాల్సింది అద్దాల బీరువాలో ఉంటుంది. వేలు పెట్టి చూపిస్తే చాలు, తీసిస్తారు. ధర చీటీ మీద కెమెరా లోపాలు రాసి ఉంటాయి, ఫోన్‌తో అనువాదం చేసి చదవండి.

చేతికొచ్చాక తొందరపడొద్దు. షట్టర్ వేగం ఒక సెకను మీద పెట్టి నొక్కండి. గేర్ల శబ్దం మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా రావాలి. మధ్యలో నీరసిస్తే లోపల నూనె గట్టిపడిందన్నమాట. తర్వాత వెనుక తలుపు తీసి, షట్టర్ వేగాన్ని బీ (నొక్కినంతసేపూ షట్టర్ తెరిచే ఉండేది) మీద పెట్టి, బటన్ నొక్కి పట్టుకోండి. లెన్స్ తెరుచుకునే ఉంటుంది. టార్చ్ ఏటవాలుగా వేసి చూస్తే సాలెగూడు లాంటి పోగులు కనిపించాయా, అది ఫంగస్. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

124జీ దొరక్కపోతే దిగులుపడకండి. 1968లో వచ్చిన 124లోనూ అదే 80 ఎం.ఎం. యాషినాన్ 3.5 లెన్స్. 1970లో వచ్చిన జీకి పేరెక్కువ, అందుకే ధరా ఎక్కువ.

మధ్యాహ్నం గింజా వెళ్లండి. అక్కడ చర్చి ఉన్న భవనంలోనే ఎనిమిదో అంతస్తులో లెమన్‌షా అనే పాత కెమెరాల కొట్టు ఉంది. వీధిలోంచి చూస్తే తెలియదు, లిఫ్టెక్కాలి. నాకు ఊరంతటిలో ఇష్టమైన చోటు అదే. నెమ్మదిగా చూసుకోనిస్తారు. పాస్‌పోర్టు జేబులో పెట్టుకోండి, పన్ను మినహాయింపుకి అడుగుతారు.

ఫిల్మ్ పిచ్చి:
వీలైతే హన్జోమోన్ స్టేషన్ దగ్గర జేసీఐఐ కెమెరా మ్యూజియం కూడా చూడండి. చిన్నదే. కానీ 1839 నాటి జీరూ డాగెరోటైప్ కెమెరా (ఫిల్మ్‌కి బదులు వెండిపూత రేకు వాడేది) నుంచి జపాన్ కెమెరాల చరిత్రంతా వరసగా ఉంటుంది. మీ నాన్నగారికి చెప్పడానికి బోలెడు కబుర్లు దొరుకుతాయి.

పాత షట్టర్ (హైదరాబాద్):
రిపేరు చేసేవాడిగా రెండు మాటలు. 124జీలో వెలుతురు కొలిచే మీటర్ 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీకి తయారైంది, అవి ఇప్పుడు రావు. 1.5 వోల్టులది వేస్తే కొలత తేడా రావచ్చు. మీటర్ పనిచేయలేదని మంచి కెమెరా వదిలేయకండి. అన్నేళ్లు స్టూడియో నడిపిన మనిషికి వెలుతురు చూస్తేనే ఎక్స్‌పోజర్ తెలుస్తుంది. రెండోది, వెనుక తలుపు అంచుల్లో నల్లటి స్పాంజి పొడిపొడిగా రాలుతుంటే భయపడొద్దు. అది మార్చడం తేలికే.

ఇంకో మాట. ఇంట్లో ఉన్న ఆ తోలు కేసులో కెమెరా దాచకండి. తోలు తేమ పీలుస్తుంది, గోదావరి జిల్లాల ఉక్కలో లెన్స్‌కి ఫంగస్ పట్టేస్తుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. నకానో, ఆ తర్వాత గింజా, టైముంటే మ్యూజియం. ఈ కెమెరాలో వేసే 120 ఫిల్మ్ కూడా అక్కడే కొనాలనుకుంటున్నాను. ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో పాడవుతుందా?

కవాసాకి తెలుగు:
చెక్-ఇన్ బ్యాగులో మాత్రం పెట్టకండి. చేతి సంచిలో, పారదర్శకమైన కవరులో వేసుకుని, చేత్తో తనిఖీ చేయమని అడగండి. కొత్త సీటీ స్కానర్లు ఫిల్మ్‌ని దెబ్బతీస్తాయి. ఫిల్మ్ షింజుకు వెస్ట్‌లోని యొదొబాషి కెమెరా దుకాణంలో చూడండి. నకానోకి అక్కడి నుంచే రైలు కాబట్టి వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో కొనేయొచ్చు.