తెరిపా, వరపా, బెట్టా?

ప్రశ్న: నమస్కారమండీ. నేను అమెరికాలోని కాన్సస్‌లో ఉంటాను. సెప్టెంబరు చివరికొచ్చాం, ఇంకా 32, 33 డిగ్రీల ఎండ. మూడు వారాలుగా చినుకు లేదు. పొద్దున తొమ్మిదింటికి లేచిన గాలి చీకటి పడేదాకా ఆగడం లేదు. ఆఫీసులో అందరూ దీన్ని 'ఇండియన్ సమ్మర్' అంటున్నారు. ఫోన్లో అమ్మకి ఒక్క మాటలో చెబుదామంటే తెలుగు మాట తట్టలేదు. వెతికితే 'భారతీయ వేసవి' అని వచ్చింది. వాడొచ్చా?

జవాబు: వాడకండి బాబూ. మీరు మే నెల రోహిణి ఎండల గురించి చెబుతున్నారనుకుంటారు అమ్మగారు. అందులోని 'ఇండియన్' మనం కాదు, అమెరికా ఆదివాసులు. ఆ పేరు ఎందుకు వచ్చిందో తేలలేదు గానీ 1778 నాటి రాతలోనే కనబడుతుంది. అక్కడి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం కూడా 2020లో తమ పదకోశంలో దాన్ని 'సెకండ్ సమ్మర్' అని మార్చింది. పైగా పాతకాలం వాళ్ల లెక్కలో ఒకసారి మంచు పడి, చలి మొదలయ్యాక మళ్లీ వచ్చే వెచ్చదనానికే ఆ పేరు. మీకింకా మంచే పడలేదు కదా! కాబట్టి మీ ఆఫీసు వాళ్లు కూడా కాస్త తొందరపడ్డట్టే.

మన కావ్యాలను అడిగితే పని జరగదు. వాటిలో శరత్తు అంటే వెన్నెల, కలువలు, తేటపడిన చెరువు నీళ్లు. మధ్యాహ్నం రెండు గంటల ఎండ ఊసు తక్కువ. ఆ ఎండ సంగతి చేలో ఉన్నవాళ్ల మాటల్లో ఉంది.

మా వైపు వాడే మాటలు మూడు. వాన ఓ పూటో రెండు రోజులో ఆగితే తెరిపి. 'కాస్త తెరిపిచ్చింది, బట్టలు ఆరేయండి' అనడం వినే ఉంటారు. అదే వారాలు సాగితే వరపు, కొందరు వరుపు అంటారు. వరపు ఎప్పుడూ చెడ్డదే అనుకోకండి. పత్తిలో కలుపు మీదికొచ్చినప్పుడు 'నాలుగు రోజులు వరపిస్తే గుంటక తోలుకుందుము' అని మా నాన్న ఆకాశం కేసి చూసేవాడు.

బెట్ట వేరు. వరపు ఆకాశానిది, బెట్ట చేనుది, అంటే నేలలో తడి చాలక పైరు వాడిపోవడం. చిన్నప్పుడు నాకు తేడా తెలియక, పత్తి మొక్కలు తలలు వేలాడేసిన ఓ మధ్యాహ్నం 'బెట్టకొచ్చింది నాన్నా' అన్నాను. ఆయన నవ్వి, పొద్దున్నే రమ్మన్నాడు. తెల్లారి వెళ్తే అవే ఆకులు నిటారుగా, అంచుల మీద మంచు బొట్లతో ఉన్నాయి. 'ఎండకి వాలి రాత్రికి లేస్తే బెట్ట కాదురా. పొద్దున కూడా వాలే ఉంటే అప్పుడు చెప్పు' అన్నాడు. తర్వాత పది రోజులకి పొద్దున కూడా వాలే ఉన్నాయి. ఈసారి నేను నోరు విప్పలేదు.

ఇక సామెతలు. 'మఖా పుబ్బలు వరుపైతే మహా ఎత్తు క్షామం' అన్నారు. ఆ రెండు కార్తెలూ ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు నడిమి దాకా. ఆ తర్వాతది మీరు ఇప్పుడు దాటుతున్న ఉత్తర. దానికి 'ఉత్తర చూసి ఎత్తర గంప' అని ఉంది. ఉత్తరలోనూ వాన జాడ లేకపోతే సామాను గంపకెత్తుకుని ఊరు వదలమని. ప్రాస బాగుందని నవ్వుకుంటాం గానీ, వలసపోయిన వాళ్ల నోటి నుంచి వచ్చిన మాట అది.

వ్యాఖ్య (అనంతపురం నుంచి): మా కాడ వేరుశనగకి ఊడలు దిగి కాయ ఊరే టయానికి వానలు మొగం చాటేస్తాయి. అప్పుడు బెట్ట అంటేనే టెన్షన్. సరేగానీ గాలి సంగతి వదిలేశారేం? ఆయన అడిగింది గాలి గురించి కూడా. పైరగాలి అనొచ్చు కదా?

జవాబు: మంచి మాట గుర్తుచేశారు. కానీ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మా తీరంలో దక్షిణపు వైపు నుంచి, సముద్రం మీదుగా సాయంత్రం వచ్చే చల్లని గాలి పైరగాలి. పైరు మీది గాలి కాబట్టి పైరగాలి అంటారు చాలామంది. నాకైతే పాత పద్యాల్లోని పయ్యెరకే ఇది చుట్టం అనిపిస్తుంది. ఎలా చూసినా చల్లదనం ఉండాలి. కాన్సస్ గాలి నైరుతి నుంచి వచ్చినప్పుడు ఎత్తైన మెట్ట మైదానాల మీదుగా దిగి వస్తుంది కాబట్టి పొడిగా, వేడిగా ఉంటుంది. మనకి నైరుతి అనగానే గొడుగు గుర్తొస్తుంది, వాళ్లకి ఎండిన గడ్డి! వడగాలి అందామన్నా అంత మంట లేదు. 'పొడిగాలి' అనేస్తే సరిపోతుందేమో, అంతకన్నా మంచి మాట ఎవరి దగ్గరైనా ఉందా?

ప్రశ్న అడిగినవారు: అందరికీ థాంక్స్ అండీ. మా పక్కింటాయన గోధుమ రైతు. ఇక్కడ చలికాలపు గోధుమని ఇప్పుడే విత్తుతారు. నిన్న ఆయన మట్టి ఓ గుప్పెడు తీసి పిడికిలి బిగించి వదిలితే పొడిపొడిగా రాలిపోయింది. పదును, అంటే విత్తడానికి తగ్గ తడి, లేదన్నమాట. విత్తనం ఇంకా వేయలేదు కాబట్టి ఇది బెట్ట కాదు, వరపే కదా? అమ్మతో అలాగే చెప్పాను. 'అక్కడ కూడానా!' అంది.

జవాబు: వరపే. మాట సరిగ్గా పడింది. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎవరైనా ఉంటే, మీ దగ్గర దీన్ని ఏమంటారో చెప్పండి.