జాతి నిషేధ షరతును ట్రాక్టు మొత్తానికీ తొలగించడం ఎలా?

కాలిఫోర్నియాలో మేము కొన్న ఇంటి దస్తావేజులతో వచ్చిన 1940ల నాటి షరతుల పత్రంలో, శ్వేతజాతీయులు కానివారెవరూ, ఇంటి పనివారిగా తప్ప, ఈ ట్రాక్టులోని (ప్లాట్లుగా విభజించిన ఈ లేఅవుట్‌లోని) ఏ ప్లాటులోనూ నివసించరాదని టైపు చేసి ఉంది. 1948లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన షెల్లీ వర్సెస్ క్రేమర్ తీర్పు ఇటువంటి షరతులను కోర్టులు అమలు చేయకుండా ఆపింది, 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం వాటిని నిషేధించింది. అయినా ఆ వాక్యం ప్రతి అమ్మకంలోనూ కొత్త యజమాని చేతికి వస్తూనే ఉంది. నల్లజాతి కుటుంబాలను సొంతింటికీ, దానితో తరతరాలకు కూడే ఆస్తికీ దూరం చేసిన రాత అది కనుక, మా వీధిలోని నల్లజాతి పెద్దల నాయకత్వంలో దాన్ని ట్రాక్టు మొత్తానికీ తీయించాలని పూనుకున్నాం.

అసలు పత్రం నకలులో ఆ వాక్యాన్ని కొట్టివేసి, షరతుల సవరణ ఫారంతో కలిపి జనవరిలో, ఆస్తి పత్రాలను నమోదు చేసే కౌంటీ రికార్డర్ కార్యాలయానికి సమర్పించాం. ప్లాట్లన్నింటినీ ఒకే ఫారంలో చూపినందుకు తిప్పి పంపారు. మా ఒక్క ప్లాటుకు విడిగా ఇచ్చినది మాత్రం రికార్డయింది. ఇటువంటి పత్రాలను కౌంటీలే వెతికి సరిచేయాలని 2021 నాటి కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం ఏబీ 1466 చెబుతున్నా, మా ట్రాక్టు వంతు ఎప్పుడో చెప్పలేమన్నారు. వేరే రాష్ట్రాల్లో ఉంటున్న కొందరు యజమానులు ఉత్తరాలకు బదులివ్వడం లేదు.

కాలిఫోర్నియాలో ఎవరైనా యజమానులందరి సంతకాలు లేకుండా ట్రాక్టు మొత్తానికీ ఈ సవరణ రికార్డు చేయించి ఉంటే, దరఖాస్తుకు ఏ పత్రాలు జతచేశారో దయచేసి చెప్పగలరా?