డాట్ ఈత్ పేరా, సొంత డొమైనా? ఇన్వాయిస్ మీద ఏది పెట్టాలి

మాదాపూర్_పిక్సెల్:
మాది చిన్న డిజైన్ స్టూడియో. ఇద్దరు విదేశీ క్లయింట్లు ఇథీరియం మీద యూఎస్‌డీసీ (డాలర్ విలువతో నడిచే క్రిప్టో), ఒకరు బిట్‌కాయిన్ పంపుతారు. 42 అక్షరాల అడ్రస్ బదులు యూపీఐ ఐడీలా ఒక పేరు ఇవ్వాలని ఉంది. డాట్ ఇన్ డొమైన్ ఇప్పటికే ఉంది. అది సరిపోతుందా, డాట్ ఈత్ (ఇథీరియం పేర్ల సేవ ఈఎన్ఎస్‌లో దొరికే పేరు) కొనాలా? పేరు తెలుగు లిపిలో పెట్టొచ్చా?

గొలుసుకట్టు:
డాట్ ఈత్ ధర అక్షరాల లెక్కన ఉంటుంది. 5 లేదా అంతకన్నా ఎక్కువైతే ఏడాదికి 5 డాలర్లు, 4 అయితే 160, 3 అయితే 640. గ్యాస్ ఖర్చు (నెట్‌వర్క్‌కి కట్టే లావాదేవీ రుసుము) వేరే.

రిజిస్ట్రేషన్‌కి రెండు లావాదేవీలు అవుతాయి. మొదటిదాంట్లో పేరు కనిపించదు, దాని హాష్ (పేరు బయటపడకుండా లెక్కకట్టిన సంకేతం) మాత్రమే వెళ్తుంది. కనీసం 60 సెకన్లు ఆగాక రెండోది. మీరు అడిగిన పేరును మధ్యలో ఎవరూ చూసి ఎగరేసుకుపోకుండా ఈ ఏర్పాటు. పేరు కొన్నాక దానికి మీ వాలెట్ అడ్రస్ రికార్డు పడిందో లేదో చూసుకోండి. బిట్‌కాయిన్ అడ్రస్‌కి విడిగా ఇంకో రికార్డు ఉంటుంది.

తెలుగు లిపి చెల్లుతుంది కానీ లెక్క మన లెక్క కాదు, యూనికోడ్ లెక్క. ‘రాజు’ మనకి రెండక్షరాలు. అక్కడ ర, దీర్ఘం, జ, ఉకారం కలిపి నాలుగు, అంటే 160 డాలర్లు! ‘రమేష్’ అయిదు కాబట్టి 5 డాలర్లే. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి మనం వాడే కనిపించని జీరో విడ్త్ అక్షరాన్ని మాత్రం ఒప్పుకోరు. అయినా విదేశీ క్లయింట్ తెలుగు కీబోర్డు ఎక్కడ వెతుక్కుంటాడు? ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి.

డీఎన్ఎస్_మేస్త్రి:
డొమైన్ ఉన్నప్పుడు కొత్తగా కొనడం ఎందుకు? డాట్ ఇన్‌కి డీఎన్ఎస్‌ఎస్‌ఈసీ (డొమైన్ రికార్డులు అసలైనవేనని డిజిటల్ సంతకంతో రుజువు చేసే పద్ధతి) ఉంది. డీఎన్ఎస్ హోస్ట్ దగ్గర ఆన్ చేసి, అది ఇచ్చే డీఎస్ రికార్డును (ఆ సంతకం తాళానికి గుర్తు) రిజిస్ట్రార్ దగ్గర ఎక్కించండి.

యూఎస్‌డీసీ కోసం: డొమైన్ మీదే ఒక టీఎక్స్‌టీ రికార్డు (అక్షరాలు రాసిపెట్టే డీఎన్ఎస్ రికార్డు). ముందు ‘ఈఎన్ఎస్1’, తర్వాత రిజాల్వర్ (పేరు నుంచి అడ్రస్ తీసిచ్చే ప్రోగ్రామ్) పేరు, చివర మీ అడ్రస్. గ్యాస్ పడదు. పాత వాలెట్లు కొన్ని దీన్ని చదవలేవు.

బిట్‌కాయిన్ కోసం బిప్ 353 (డొమైన్ పేరుతో బిట్‌కాయిన్ తీసుకునే ప్రమాణం). ‘పేరు డాట్ యూజర్ డాట్ అండర్‌స్కోర్ బిట్‌కాయిన్ హైఫన్ పేమెంట్ డాట్ మీ డొమైన్’ అనే చోట టీఎక్స్‌టీ పెట్టాలి, విలువ ‘బిట్‌కాయిన్’, కోలన్‌తో మొదలవ్వాలి. ఒక స్ట్రింగ్‌లో 255 అక్షరాలే పడతాయి, బోల్ట్ 12 ఆఫర్ (బిట్‌కాయిన్ లైట్నింగ్ నెట్‌వర్క్‌లో మళ్లీ మళ్లీ వాడుకునే చెల్లింపు కోడ్) దాన్ని దాటితే ముక్కలు చేయాలి. మామూలు అడ్రస్ కన్నా ఆఫర్ పెట్టడమే మేలు, ప్రతి చెల్లింపూ ఒకే అడ్రస్‌కి వచ్చి చేరదు.

ఎక్కువ మంది దెబ్బతినేది నేమ్‌సర్వర్ మార్చినప్పుడు. పాత డీఎస్ రికార్డు తీయకుండా మారిస్తే పేమెంట్ పేరే కాదు, వెబ్‌సైటూ మెయిలూ కూడా ఆగిపోతాయి.

ఉప్పల్_నోడ్:
అన్నా, పేరు పెట్టుడు అల్కగనే అయితది. రెన్యూవల్ మర్చిపోవుడే అసలు గండం. డాట్ ఈత్ గడువు అయిపోతే 90 రోజులు నీకే అవకాశం. ఆ తర్వాత 21 రోజులు వేలం, 10 కోట్ల డాలర్ల ప్రీమియంతోని మొదలై సున్నాకి దిగుతది. ఎవడన్న కొన్నడనుకో, నీ పాత ఇన్వాయిస్ చూసి క్లయింట్ పంపే పైసలు వానికే పోతయ్. అందుకే ఒకేసారి మూడు నాలుగేండ్లకు కట్టు.

యూపీఐల పైసలు కొట్టే ముందు బ్యాంకుల ఉన్న మనిషి పేరు సూపిస్తది. ఇక్కడ అడ్రసే కనపడ్తది. ఆఖరి ఆరు అక్షరాలు ఇన్వాయిస్ మీద గూడ రాయి, క్లయింట్ సరిచూసుకుంటడు.

ఇంకోటి, రోజువారీ పైసలుండే వాలెట్‌కు ఈ పేరు తగిలియ్యకు. పేరు కొడితే ఎక్స్‌ప్లోరర్ల (లావాదేవీలు అందరికి సూపే సైటు) నీ నిల్వంత కనిపిస్తది, పక్క క్లయింట్ ఎంతిచ్చిండో గూడ. ఇగ బేరమాడనీకి ఏం మిగుల్తది?

మాదాపూర్_పిక్సెల్:
డొమైన్ దారిలోనే వెళ్తాను. ఎక్స్ఛేంజ్ డిపాజిట్ అడ్రస్‌ను నేరుగా దానికి తగిలించొచ్చా?

గొలుసుకట్టు:
వద్దు. ఆ అడ్రస్ తాళం మీ దగ్గర ఉండదు, ఎక్స్ఛేంజ్ ఎప్పుడైనా మార్చొచ్చు. పైగా అది ఒప్పుకోని నెట్‌వర్క్ మీద ఎవరైనా పంపితే వెనక్కి రాబట్టడం కష్టం. ఇన్వాయిస్‌లకే ఒక కొత్త వాలెట్ తెరిచి పేరు దానికి కట్టండి, అక్కడి నుంచి ఎక్స్ఛేంజ్‌కి మీరే పంపుకోండి. క్లయింట్‌కి పేరు చెప్పే ముందు వేరే వాలెట్ నుంచి 1 యూఎస్‌డీసీ పంపి చూడండి.