పోలండ్‌లో ఆదివారం షాపుల మూత: ఉంచాలా, ఎత్తేయాలా?

ఊచ్_తమ్ముడు:

మాది ఒంగోలు. ఇక్కడ ఊచ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. సూటిగా అడుగుతున్నాను, మీరూ సూటిగానే చెప్పండి. పోలండ్‌లో ఆదివారం షాపులు మూసేసే చట్టం ఉండాలా, పోవాలా?

ఇక్కడ లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. పోలండ్‌లో ఆదివారం బియెద్రోంకా, లిడిల్ లాంటి సూపర్ మార్కెట్లు, మాల్స్‌లో బట్టల షాపులు అన్నీ మూతే. ఏడాదిలో 8 ఆదివారాలు మాత్రం తెరుస్తారు: జనవరి, ఏప్రిల్, జూన్, ఆగస్టు నెలల్లో చివరి ఆదివారం, ఈస్టర్‌కి ముందు ఒకటి, క్రిస్మస్‌కి ముందు మూడు. మిగతా ఆదివారాల్లో మందుల షాపు, పెట్రోల్ బంకు, రైల్వే స్టేషన్లో కొట్లు, హోటళ్లు, బేకరీలు, పూల కొట్లు ఉంటాయి.

నా బాధ కూరగాయలు దొరకలేదని కాదు. అవి శనివారం తెచ్చుకుంటే సరిపోతుంది. నా బాధ పని గురించి. సోమవారం నుంచి శుక్రవారం దాకా క్లాసులు, ల్యాబు. పనికి మిగిలేవి రెండు రోజులు. అందులో ఒకటి ఈ చట్టం లాగేసుకుంది. 2025లో ఇక్కడ గంటకు కనీస వేతనం 30.50 జ్లోటీలు. 26 ఏళ్లు నిండని విద్యార్థికి షాపుల్లో మామూలుగా ఇచ్చే జ్లెత్సెనియె (రెగ్యులర్ ఉద్యోగం కాని) కాంట్రాక్టు మీద సోషల్ సెక్యూరిటీ కోత ఉండదు, మా జీతాలకు ఆదాయపు పన్నూ పడదు. ఎనిమిది గంటల షిఫ్టు చేస్తే 244 జ్లోటీలు చేతికొస్తాయి. అలా నెలకు నాలుగు ఆదివారాలంటే నా హాస్టల్ అద్దె పోగా ఇంకా మిగులుతుంది. ఇంటి నుంచి డబ్బు అడగాల్సిన అవసరమే ఉండదు.

చేస్తానని నేనంటున్నాను. పని ఇస్తానని షాపువాళ్లూ అంటారు. మధ్యలో సర్కారు అడ్డం పడటం ఏం న్యాయం?

పోజ్నాన్_కోడలు:

తమ్ముడూ, నీ లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఆ లెక్కలో ఎక్కడా కనపడని మనిషి ఒకరున్నారు, క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చునే ఆవిడ. మా అత్తగారు ఆ కుర్చీలోనే చాలా ఏళ్లు పనిచేశారు. మా ఆయన పోలిష్, పుట్టి పెరిగింది పోజ్నాన్‌లోనే. ఆయన చిన్నప్పుడు ఆదివారం భోజనానికి ఇంట్లో అమ్మ ఉండేది కాదు. పొద్దున్నే వండిపెట్టి షిఫ్టుకు వెళ్లిపోయేది. సాయంత్రం వచ్చి అవెన్‌లో మూతపెట్టి ఉంచిన పళ్లెం తీసుకుని ఒక్కతే తినేది. ఆయన ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారిపోతుంది.

ఆదివారం భోజనం అంటే ఇక్కడ ఏమిటో నువ్వింకా చూసి ఉండవు. గడపలో బూట్లు విప్పగానే ఇంటివాళ్లు చెప్పులు తెచ్చి ఇస్తారు. స్టవ్ మీద పొద్దుటి నుంచి రొసూవ్ ఉంటుంది. అది కోడి చారు. క్యారట్, పార్స్‌లీ వేరు, సెలరీ వేరు, లీక్ అనే లావుపాటి ఉల్లికాడ అన్నీ పెద్ద ముక్కలుగా పడతాయి. ఒక ఉల్లిపాయను మాత్రం మనం పచ్చడికి వంకాయ కాల్చినట్టు మంట మీద నల్లగా కాల్చి వేస్తారు, రంగు దాని వల్లే వస్తుంది. చాలామంది ఒక బీఫ్ ముక్క కూడా వేస్తారు, నా కోసం మా అత్తగారు అది మానేశారు. ఇక మంట పెంచకూడదు. కుతకుతా ఉడికితే చారు మురికిగా అయిపోతుంది. మూడు గంటలు, నాలుగు గంటలు సన్నటి సెగ మీద అలా ఉండాలి, గిన్నె అడుగు కనిపించేంత తేటగా రావాలి. పైన గుండ్రంగా కొవ్వు చుక్కలు తేలుతుంటాయి. అందులో సన్నటి నూడుల్స్ వేసుకుని తాగుతారు.

ఆ తరవాత పంది మాంసం కట్‌లెట్, ఉడికించిన బంగాళాదుంపల మీద సోయకూర, పుల్లటి మీగడలో కలిపిన దోసకాయ. అపార్ట్‌మెంట్ బ్లాకుల్లో ఉంటే ఆదివారం పదకొండు గంటలకు గోడ అవతలి నుంచి సుత్తితో ఆ మాంసం కొట్టే చప్పుడు వస్తుంది. ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో మొదలవుతుంది.

ఇదంతా వండటానికి పూట పడుతుంది. తినడానికి మూడు గంటలు, ఆపైన టీ, సెర్నిక్ కేకు. ఈ దేశంలో బంధుత్వాలన్నీ నిలిచేది ఆ టేబుల్ దగ్గరే. సర్కారు అడ్డం పడింది అన్నావు. అడ్డం పడ్డాకే మా అత్తగారు ఆ టేబుల్ దగ్గర కూర్చోగలిగారు.

కటోవిత్సె_శాస్త్రి:

చట్టం ఎలా వచ్చిందో కూడా చెప్పుకుంటే చర్చ గాల్లో నడవదు. చాలామంది దీన్ని చర్చి తెచ్చిన చట్టం అనుకుంటారు. చర్చి మద్దతు గట్టిగా ఉన్నమాట నిజమే. కానీ బిల్లు పట్టుకుని సంతకాలు సేకరించింది సాలిడారిటీ కార్మిక సంఘం, 1980లో గ్దాన్స్క్ ఓడల యార్డు సమ్మెల్లోంచి పుట్టినదే. 2016లో 5 లక్షలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు వెళ్లారు. చట్టం 2018 మార్చి 1న అమల్లోకి వచ్చింది. ఒక్కసారిగా మూయలేదు. 2018లో నెలకు రెండు ఆదివారాలు తెరిచారు, 2019లో ఒకటి, 2020 నుంచి ఏడాదికి ఏడు. 2025 నుంచి డిసెంబర్ 24ను సెలవు చేసి, దానికి బదులు క్రిస్మస్ ముందు ఇంకో ఆదివారం కలిపారు. ఆ మూడు ఆదివారాల్లోనూ ఒక ఉద్యోగితో రెండింటికి మించి పని చేయించకూడదు.

డిసెంబర్ 24 సంగతి మన తమ్ముడికి తెలియాలి. ఇక్కడ అసలు పండగ ఆ సాయంత్రమే, విగీలియా. తొలి చుక్క పొడిచాక ఒప్వాతెక్ అనే పలచటి రొట్టె విరిచి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. మాంసం లేకుండా పన్నెండు వంటకాలు, అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఒక ఖాళీ పళ్లెం. అలాంటి రోజున 2024 దాకా షాపువాళ్లు మధ్యాహ్నం రెండింటి దాకా కౌంటర్లోనే ఉన్నారు.

అయినా నేను తమ్ముడి వైపే కొంత మొగ్గుతాను. మా ఆఫీసులో ఒకాయన 2004లో పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరగానే ఇంగ్లండ్ వెళ్లి చాలా ఏళ్లు గోడౌన్‌లో పనిచేసి తిరిగొచ్చాడు. అక్కడ ఒక్క ఆదివారం ఓవర్‌టైమ్ కూడా వదల్లేదట, ఆ డబ్బుతోనే ఇక్కడ ఫ్లాట్ కొన్నాడు. ఇప్పుడు మాత్రం ఈ చట్టానికి గట్టి మద్దతుదారు. ఆయన్ని నేను తప్పుపట్టను. కానీ పరాయి దేశంలో ఉన్నప్పుడు ఆయనకు ఏది అవసరమైందో, ఈరోజు మన పిల్లలకూ అదే అవసరం. వాళ్లకు ఇక్కడ బాబ్చా, అంటే అమ్మమ్మో నానమ్మో, లేదు, ఆదివారం టేబుల్ లేదు. హాస్టల్ గది ఉంది, అంతే.

వార్సా_రైడర్:

అక్కా, మీ అత్తగారికి ఆదివారం దొరికింది, సంతోషం. మాకు దొరకలేదు.

వార్సాలో ఫుడ్ డెలివరీ చేస్తాను. ఆదివారం మాకు ఆర్డర్లు ఎక్కువ. జనవరిలో మైనస్ పది ఉన్నా బండి మీదే. గ్లౌజు తీసి ఫోన్ నొక్కే లోపు వేళ్లు మొద్దుబారిపోతాయి. మెట్ల దగ్గర కోడ్ నొక్కి, నాలుగో అంతస్తుకు ఎక్కి సంచి ఇస్తుంటే తలుపు సందులోంచి అదే రొసూవ్ వాసన వస్తుంది. హోటల్ వంటవాడికి సెలవు లేదు, సినిమా హాల్లో టికెట్ చింపే అమ్మాయికి లేదు, ట్రామ్ డ్రైవర్‌కు లేదు. చట్టం షాపు ఉద్యోగి ఒక్కరినే చూసింది.

తమ్ముడూ, నీ షాపు షిఫ్టు పోయిందని అంటున్నావు కదా. అలా షిఫ్టు దొరకని కుర్రాళ్లంతా ఆదివారం మా యాప్‌లోకి వస్తున్నారు. షాపులో హీటర్ పక్కన నిలబడే పని పోయి, మంచులో తిరిగే పని మిగిలింది. అందుకే నా మాట: ఎవరైనా సరే, ఆదివారం పనిచేస్తే డబుల్ జీతం ఇవ్వాలని చట్టం చేయండి. తెరవాలో వద్దో యజమాని తేల్చుకుంటాడు.

క్రాకోవ్_కిరాణా:

నేను నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ ఇండియన్ కిరాణా పెట్టుకున్నాను. నా కోణం వేరు. చట్టం ఉద్దేశం మంచిదే, కానీ అందులో చిన్న వ్యాపారికి ఇచ్చిన మినహాయింపు మాలాంటి వాళ్లకు అందదు. అది ఎవరూ మాట్లాడరు.

చట్టం ప్రకారం షాపు యజమాని తనే స్వయంగా కౌంటర్లో నిలబడితే ఆదివారం తెరవచ్చు. 2022 నుంచి కుటుంబ సభ్యులు జీతం లేకుండా సాయం చేయొచ్చు కూడా. వీధి చివర కప్ప బొమ్మ బోర్డుతో కనిపించే జాబ్కా షాపులు ఆదివారం ఉండేది దీని వల్లే, ఫ్రాంచైజీ తీసుకున్నాయన తనే నిలబడతాడు. అంతకుముందు పెద్ద షాపులు కొన్ని పార్సిళ్లు తీసుకునే కౌంటర్ ఒకటి పెట్టి, మాది పోస్టాఫీసు అని చెప్పి తెరిచేవి. ఆ సందు 2022 ఫిబ్రవరిలో మూసేశారు.

ఇక మా సంగతి. ఆ మినహాయింపు సొంత పేరు మీద వ్యాపారం చేసే వ్యక్తికే. యూరప్ బయటి నుంచి వచ్చి, ఇంకా పర్మనెంట్ రెసిడెన్స్ రాని మాలాంటి వాళ్లలో చాలామంది సొంత పేరు మీద వ్యాపారం రిజిస్టర్ చేసుకోవడం కుదరదు. కంపెనీ పెట్టాల్సిందే. కంపెనీ అనగానే, కౌంటర్లో నిలబడేది నేనే అయినా మినహాయింపు రాదు. తెరిస్తే జరిమానా 1,000 జ్లోటీల నుంచి లక్ష దాకా ఉంది. పక్క వీధి కొట్టాయన ఆదివారం తెరుస్తాడు, నేను తెరవకూడదు. ఇద్దరం చేసేది ఒకటే పని. ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అంటే ఇదే.

మనవాళ్లకు ఆదివారం అంటేనే వంట. శనివారం సాయంత్రం కరివేపాకు, గోంగూర, సోనా మసూరి కోసం లైన్ కడతారు. మిగతా వారం షాపు నిద్రపోతుంది. పంజా విసిరే పెద్ద సూపర్ మార్కెట్ మీద పెట్టిన చట్టం చివరికి నాలాంటివాడి పొట్ట మీద కొడుతోంది. ఎత్తేయమని నేను అనను. కంపెనీ అయినా సరే, వాటాదారు ఒక్కడే ఉండి అతనే నిలబడితే తెరవనివ్వండి. ఈ ఒక్క సవరణ చాలు.

పోజ్నాన్_కోడలు:

క్రాకోవ్ అన్నగారూ, మీ సవరణకు నా పూర్తి మద్దతు. మీరు చెప్పేదాకా ఈ చిక్కు నాకు తెలియదు.

రైడర్ తమ్ముడూ, నువ్వు చెప్పినదాంట్లో నాకు నొప్పి కలిగించే నిజం ఉంది. కానీ దాని నుంచి నువ్వు తీసిన ముగింపు నాకు నచ్చలేదు. ఒక గుంపుకు సెలవు దొరికింది, ఇంకో గుంపుకు దొరకలేదు. అలాంటప్పుడు దొరకనివాళ్లకు ఇప్పించమని అడగాలి గానీ, దొరికినవాళ్ల దగ్గర లాక్కోమని ఎందుకు అడగాలి?

డబుల్ జీతం ఆలోచన కొత్తది కాదు. 2024లో అలాంటి బిల్లే పార్లమెంటుకు వచ్చింది: నెలకు రెండు ఆదివారాలు షాపులు తెరవడం, పనిచేసినవాళ్లకు రెట్టింపు జీతం. అప్పుడు మా అత్తగారిని అడిగాను, ఇలాగైతే మీకు ఇష్టమేనా అని. ఆవిడ సిరామిక్ గిన్నె తుడుస్తూ చెప్పిన సమాధానం ఇది: షిఫ్టు చార్టు రాసేది మేనేజరు. ఆదివారం వద్దన్న ఆడమనిషికి తరవాతి నెల అన్నీ రాత్రి షిఫ్టులే పడతాయి. ఇష్టమున్నవాళ్లే చేస్తారన్న మాట చార్టు చూడనివాళ్లు అనే మాట. చట్టం లేని రోజుల్లో కూడా నాలుగు వారాలకు ఒక ఆదివారం సెలవు ఇవ్వాలని లేబర్ కోడ్‌లో ఉంది. ఆ ఒక్కటి మాత్రమే ఇచ్చేవారట, అది కూడా పిల్లల ఫస్ట్ కమ్యూనియన్ లాంటి వేడుక ఉన్న ఆదివారం కాకుండా వాళ్లకు వీలైన ఆదివారం.

షాపు మొత్తం మూతపడితేనే వద్దని ఒక్కొక్కరూ విడిగా చెప్పాల్సిన పరిస్థితి రాదు. ఈ చట్టంలో నాకు నచ్చేది ఇదే.

కటోవిత్సె_శాస్త్రి:

అమ్మా, ఈ వాదనకు నా దగ్గర సమాధానం లేదు, బలమైన వాదన. అయితే పరిశ్రమల్లో ఇదే సమస్యను సంఘాలు చర్చించి షిఫ్టు వంతులుగా పరిష్కరించుకున్నాయి. ఈ సిలేసియా గనుల ప్రాంతంలో అది చూస్తూనే ఉన్నాం. షాపుల్లో సంఘాలు బలహీనంగా ఉండటం వల్ల చట్టం అవసరపడింది. సంఘం బలపడితే మూత అక్కర్లేదని నా అభిప్రాయం.

ఊచ్_తమ్ముడు:

అక్కా, షిఫ్టు చార్టు సంగతి నాకు తెలుసు. మా షాపులోనూ అంతే, వద్దంటే మరుసటి వారం గంటలు తగ్గుతాయి. మీ అత్తగారి మాట కాదనను.

కానీ ఒకటి చెప్పండి. ఆవిడ వయసు ఆడవాళ్లు ఆదివారం రానక్కర్లేదని, ఆ రోజు షిఫ్టులు రాసి ఇచ్చిన విద్యార్థులకే వేయాలని చట్టంలోనే రాస్తే? మేనేజరు చేతిలో పెట్టకుండా? ఊచ్, వార్సా, వ్రొత్స్వాఫ్‌లో వేరే దేశాల నుంచి వచ్చి చదువుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారు, అందరికీ వారాంతం తప్ప వేరే దారి లేదు. మేం నిలబడతాం, మీ అత్తగారు ఇంట్లో ఉంటారు. రైడర్ అన్న కూడా కావాలంటే మంచులోంచి షాపులోకి వస్తాడు.

పోజ్నాన్_కోడలు:

రాసి ఇచ్చినవాళ్లకే అన్న షరతు నిజంగా చట్టంలో ఉండి, లేబర్ ఇన్‌స్పెక్టర్ వచ్చి తనిఖీ చేస్తే, నెలకు ఒక్క ఆదివారం దాకా నేను ఒప్పుకుంటాను. రెండుకు ఒప్పుకోను. విద్యార్థులు పరీక్షల నెలలో రారు, అప్పుడు మళ్లీ ఎవరి మీద పడుతుందో నాకు తెలుసు.

నువ్వు మాత్రం ఒక ఆదివారం పోజ్నాన్ రా తమ్ముడూ. రైలు టికెట్‌కు స్టూడెంట్ తగ్గింపు ఉంటుంది. వచ్చేటప్పుడు పూలు తేవాలనిపిస్తే బేసి సంఖ్యలో తీసుకో, సరి సంఖ్య ఇక్కడ చావులకే.

ఊచ్_తమ్ముడు:

వస్తానక్కా, సెమిస్టర్ అయ్యాక తప్పకుండా. నా ఓటు మాత్రం రెండు ఆదివారాలకే.