గాలి నిరోధాన్ని తగ్గించే అమరికలను కారుకు ఇంట్లోనే చేసి బిగించుకోవచ్చా?

కృష్ణాతీరం: ఉద్యోగరీత్యా తరచూ హైదరాబాద్ నుంచి విజయవాడకు చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో వెళ్తుంటాను. మైలేజీ కోసం సన్‌ప్యాక్ షీటుతో (లోపల బోలుగా ఉండే తేలికపాటి ప్లాస్టిక్ పలక) కారు అడుగు భాగాన్ని మూసి, ముందు గ్రిల్‌ను సగం కప్పి, వెనుక ఒక స్పాయిలర్ బిగించాలని అనుకుంటున్నాను. ఇది చేయదగిన పనేనా?

యంత్రశాల: స్పాయిలర్ ఆలోచన మానుకోండి. బజారులో దొరికే రెక్కల్లో చాలావరకు అలంకారానికే పనికివస్తాయి, కొన్నయితే నిరోధాన్ని పెంచుతాయి కూడా. గాలి కారు ముఖానికి కొట్టుకోవడమే అసలు సమస్య అని చాలామంది భావిస్తారు గానీ, హ్యాచ్‌బ్యాక్‌లో నిరోధం అధికంగా పుట్టేది నిటారుగా తెగిన వెనుక భాగంలో, గాలి బాడీని వదిలి సుడులు తిరిగే అల్పపీడన ప్రాంతంలో. పైకప్పును కొంత దూరం వాలుగా తీసుకెళ్లి అక్కడ నిలువుగా కోసేస్తే పొడవాటి తోక లేకుండానే చాలా మేలు దక్కుతుందని 1930లలో జర్మనీలో వూనిబాల్డ్ కామ్ పరిశోధనలు చూపాయి. 1999 నాటి హోండా ఇన్‌సైట్ అటువంటి ఆకారంతోనే, వెనుక చక్రాలను కూడా కప్పుకొని, నిరోధ గుణకాన్ని (ఆకారం వల్ల గాలి ఎంత అడ్డుపడుతుందో చెప్పే సంఖ్య, తక్కువైతే మేలు) 0.25కు దించింది.

గాలి నిరోధం వేగపు వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. టన్ను బరువు, 0.33 గుణకం ఉన్న కారుకు గంటకు 40 కిలోమీటర్ల వద్ద అది సుమారు 50 న్యూటన్లు, టైర్ల నిరోధం దాదాపు 100. అదే 100 కిలోమీటర్ల వద్ద గాలి వాటా 320కి చేరుతుంది, టైర్లది పెద్దగా మారదు. అంటే రహదారిపై గాలి నిరోధాన్ని 10 శాతం తగ్గించగలిగితే మొత్తం భారం ఏడెనిమిది శాతం తగ్గుతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో మాత్రం ఆ శ్రమంతా వృథా.

నిదానమే_ప్రధానం: లెక్క సరే, కానీ యంత్రశాల గారూ, ఆ షీటు మన స్పీడ్ బ్రేకర్లకు ఎన్నాళ్లు నిలుస్తుంది? సైలెన్సర్ గొట్టం వేడికి ప్లాస్టిక్ మెత్తబడి, 100 కిలోమీటర్ల వేగంలో ఊడి వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుడి మీద పడితే బాధ్యత ఎవరిది? గ్రిల్ వెనుకే ఏసీ కండెన్సర్, రేడియేటర్ ఉంటాయి కనుక మే నెల ఎండల్లో దాన్ని మూయడం ఇంజిన్‌కు చేటు. పైగా మోటారు వాహనాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు.

యంత్రశాల: గ్రిల్ విషయంలో మీ మాటే సరైనది. చట్టంలోని 52వ సెక్షన్ మాత్రం వాహన మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణ మార్పునే ఆక్షేపిస్తుంది కాబట్టి, విప్పదగిన ప్రతి పలకనూ అదే గాటన కట్టనక్కరలేదు. సందేహముంటే ఆర్‌టీఓ కార్యాలయంలో ముందే అడగాలి. ఇక ఫలితాన్ని ట్యాంకు నింపి మైలేజీ చూసుకునే లెక్కతో తేల్చలేం, ఎదురుగాలీ ఏసీ వాడకమూ దాన్ని తారుమారు చేస్తాయి. గాలి లేని వేళ, ఖాళీగా ఉన్న సమతలపు ప్రైవేటు దారిలో కారును న్యూట్రల్‌లో వదిలి, వేగం తగ్గడానికి పట్టే సమయాన్ని రెండు దిశల్లోనూ కొలిచి సగటు తీయాలి. అంతకంటే ముందు, కృష్ణాతీరం గారూ, మీ కారు పైన లగేజీ క్యారియర్ ఉందా? ఉంటే మొదట దాన్ని విప్పి చూడండి.