కేబీఆర్ పార్కులో నెమళ్ళకి గింజలు వేయకూడదా?

మా నాన్న రిటైరయ్యి ఊర్నుంచి మా దగ్గరికి వచ్చేశాక ఈ హైదరాబాద్‌లో ఆయనకి నచ్చిన ఒకే ఒక్క చోటు కేబీఆర్, పొద్దున్నే బయల్దేరేటప్పుడు లాల్చీ జేబులో గుప్పెడు జొన్నలు వేసుకుంటారు నెమళ్ళ కోసం. మొన్న తోటి వాకర్ ఎవరో "ఇక్కడ వేయకూడదండీ" అన్నారట, అంతే, అలిగి వెళ్ళడమే మానేశారు. పక్షికి గింజ వేస్తే పాపమా అని నామీద పడుతున్నారు. నిజంగా తప్పా?

రిప్లై 1: తప్పేనండి. పేరుకి పార్కు గానీ 1998 నుంచి అది నేషనల్ పార్క్, 1972 వన్యప్రాణి చట్టం కిందకి వస్తుంది. నెమళ్ళు పురుగులు, బల్లులు, చిన్న పాములు, రాలిన పళ్ళు ఏరుకు తింటాయి, లోపల తిండికి కొదవ లేదు. మనిషి చేతి తిండి మరిగితే భయం పోయి దారి మీదకొచ్చేస్తాయి, గేటు దాటితే ఆ ట్రాఫిక్ తెలుసుగా. మిగిలిన గింజలకి ఎలకలు అదనం.

రిప్లై 2: రూల్ కరెక్టే కానీ పెద్దాయన్ని చట్టం పేరు చెప్పి కూర్చోబెట్టకండి. మా తాతయ్య వసారా చూరుకి వరికంకుల కుచ్చు కట్టేవాడు పిచ్చుకల కోసం, ఆ తరానికి పక్షికి పెట్టడం ఇంట్లో పని. బాల్కనీలో కుచ్చు కట్టించండి. గింజలు మాత్రం చల్లొద్దు, పావురాలు దిగుతాయి, ఆనక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మీ పేరే.

రిప్లై 3: నేను పాత వాకర్‌ని. 2016లో ఫ్లైఓవర్లకని పార్కు చుట్టూ చెట్లు కొట్టేస్తామన్నప్పుడు రోడ్డెక్కిన వాళ్ళలో రోజూ నడిచేవాళ్ళే బోల్డంతమంది, వాళ్ళెవరూ నెమళ్ళకి గింజలేసి దగ్గరైనోళ్ళు కాదు. వేసవిలో రేల పూసినప్పుడు తీసుకెళ్ళండి, ఆ పసుపు గుత్తుల కింద ఆయనే ఆగిపోతారు. ఊరాయన కదా, ఏ చెట్టేదో మనకే చెప్తారు, మా బ్యాచ్‌లో అలాంటోళ్ళు ఒక్కరూ లేరు, సీతాఫలం చెట్టు కాయ ఉంటే తప్ప గుర్తుపట్టం. పంపించండి సార్‌ని.

అడిగినామె: చదివి వినిపించా. మూడో ఆయన ఎన్నింటికి వస్తాడో కనుక్కోమన్నారు 😀 వరికంకుల కుచ్చు సిటీలో ఎక్కడ దొరుకుతుందండీ?

రిప్లై 2: కొత్త పంట టైమ్‌లో ఊర్నుంచి ఎవరొస్తున్నా చెప్పి తెప్పించుకోండి, కొనక్కర్లేదు.

రిప్లై 3: ఆరింటికల్లా మెయిన్ గేటు దగ్గరుంటాం.